కోడి ఎన్నిసార్లు కూసింది

మా వదిన చేతిలో ఎర్ర పెన్సిలు ఉన్నంతసేపూ మా అన్నయ్య నోరు తెరవడు. తెరిస్తే ఆ మాట మీద కూడా ఓ గీత పడుతుందని ఆయన భయం. మా క్రైస్తవ సంఘం వారి అచ్చాఫీసులో ఆమె ప్రూఫ్‌రీడరు, నేను మిషన్ నడిపేవాణ్ణి. ఒకే ఇంట్లోంచి బయల్దేరి, ఒకే బస్సు దిగి, ఆమె కిటికీ పక్క కుర్చీలోకీ నేను సిరా కంపు కొట్టే హాల్లోకీ పోయేవాళ్ళం. ఏ పుస్తకమైనా ముందు ఆమె కళ్ళ కింద నలిగి, ఆ తర్వాత నా రోలర్ల కింద నలగాల్సిందే.

ఆఫీసులో ఆమెని చాటుగా ‘సర్దుబాటమ్మ’ అనేవాళ్ళు. పేరు పెట్టింది అక్షరాలు పేర్చే కంపోజిటర్లు. ఒక పేజీలో ‘వెళ్ళాడు’ అనీ మరో పేజీలో ‘వెళ్లాడు’ అనీ ఉంటే లోకంలో ఎవరి నిద్రా చెడదు, మా వదినకి మాత్రం అన్నం సయించదు. ఒకచోట దిద్దిన మాటని పుస్తకం చివరిదాకా వెతికి పట్టుకుని అన్నిచోట్లా దిద్దాలి. అది ఆమె రూలు. వాళ్ళు పళ్ళు నూరుకుంటూ పేర్చిన అక్షరాలు పీకి మళ్ళీ పేర్చేవాళ్ళు. నాకు ఆ గొడవ లేదు. అచ్చయ్యేది దేవుడి మాటైనా దగ్గుమందు ప్రకటనైనా నాకు కాగితం కాగితమే, సిరా సిరాయే.

ఇంట్లోనూ ఆమెది అదే పని. మా అమ్మకీ మా పిన్నికీ చాలాకాలం మాటల్లేవు. మధ్యలో వదినే రాయబారి. “దాని మొహం నా గుమ్మంలో కనబడకూడదని చెప్పు,” అనేది అమ్మ. వదిన వెళ్ళి, “అత్తయ్యకి ఒంట్లో నలతగా ఉంది పిన్నిగారూ, కాస్త కోలుకున్నాక రమ్మన్నారు,” అని చెప్పేది. “ఆవిడ పోతే చూడ్డానికొస్తాలే,” అనేది పిన్ని. వదిన తిరిగొచ్చి, “పిన్నిగారు మీ ఆరోగ్యం ఎలా ఉందని మరీమరీ అడిగారు,” అనేది. చివరికి ఓ పెళ్ళిలో ఇద్దరూ ఎదురుపడి, నీ మనసు వెన్న అంటే నీ మనసు వెన్న అని ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. మా అన్నయ్యా నేనూ నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాం. వదిన మాత్రం నవ్వలేదు. రెండు మాటలు ఢీకొంటే ఎవరో ఒకరు రోడ్డున పడతారని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆమెకి ఊరికే రాలేదు.

ఆమె నాన్నగారు ఒకప్పుడు మా సంఘానికి పాస్టరు. ఇప్పటికీ అందరూ ‘పాత అయ్యగారు’ అనే అంటారు. నాకు వరసకి మావయ్య. ప్రభువు జీవితం చెప్పే సువార్తలు రాసిన నలుగుర్నీ ఆయన పక్కింటి అన్నదమ్ముల్లా పిలిచేవారు. మొదటి సువార్త రాసినాయన పెద్దన్న, తర్వాత రెండో అన్న, మూడో అన్న, ఆఖరివాడు చిన్నన్న. “ఈ సంగతి పెద్దన్న ఎలా చెప్పాడో చూద్దాం, చిన్నన్న చెప్పనే లేదు చూశారా, గడుసువాడు,” అని ఆయన చెబుతుంటే ముసలమ్మలు కూడా కునుకు మానుకుని వినేవాళ్ళట.

ఓ ఆదివారం పేతురు మీద ప్రసంగం చేశారు. ప్రభువుని బంధించి తీసుకుపోయిన రాత్రి ఆయన ముఖ్య శిష్యుడు పేతురు, చలిమంట దగ్గర కూర్చుని, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకాడు. కోడి కూసేలోపల నువ్వలా అంటావని ప్రభువు ముందే చెప్పాడు. అలాగే జరిగింది. కోడి కూసింది, పేతురుకి ఆ మాట గుర్తొచ్చి కుమిలి కుమిలి ఏడ్చాడు. అయితే ముగ్గురన్నదమ్ములు కోడి కూసిందని చెప్పి ఊరుకుంటే, రెండో అన్న మాత్రం రెండుసార్లు కూసిందని రాశాడు.

“ఇక్కడ తేడా ఉంది,” అన్నారు అయ్యగారు వేదిక మీదినుంచి. “ఉంటే నాకేం భయం లేదు. దేవుడు తలుచుకుంటే ఒక్కడి చేతే రాయించేవాడు, కానీ నలుగురి చేత రాయించాడు. తమ పెద్దాయన పరువు పోయే సంగతిని నలుగురూ దాచకుండా చెప్పారు. నాకది చాలు.”

సంఘపెద్దలకి అది చాలలేదు. వాళ్ళలో పెద్దాయన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ‘తేడా ఉంది’ అనకూడదు, ‘తేడా ఉన్నట్టు కనిపిస్తుంది’ అనాలి అన్నారాయన. కూసింది రెండుసార్లే అయినా మిగతా ముగ్గురూ చివరి కూత ఒక్కటే చెప్పారని, ఇందులో తేడా ఏముందని వాదించారు. “కనిపిస్తున్నదాన్ని ఉంది అనక ఏమనాలండీ?” అన్నారు మావయ్యగారు. ఇద్దరూ మొండివాళ్ళే. ఒక్క క్రియాపదం దగ్గర మొదలైన పేచీ పెరిగి పెరిగి, దేవుడి లేఖనం మీద నమ్మకం లేనివాడన్న ముద్ర దగ్గర తేలింది. వేదిక పోయింది. దాంతోపాటు బల్ల కూడా పోయింది.

బల్ల అంటే మాలో అందరూ కలిసి ప్రభువు పేరిట రొట్టె ముక్కా ద్రాక్షరసమూ పుచ్చుకోవడం. మావయ్యగారు సంఘం మానలేదు. టైపు నేర్పే స్కూల్లో పనికి కుదిరి, ఆదివారం వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. రొట్టె పళ్ళెం ఆయన వరసకి వచ్చినప్పుడు పెద్దలు దాన్ని ఆయన తలమీదుగా పక్కవాళ్ళకి అందించేవాళ్ళు. చిన్నపిల్లగా ఆయన పక్కన కూర్చుని వదిన ఆ పళ్ళెం దాటిపోవడం చూసేది. ఒక పుస్తకంలో రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నందుకు నాన్నకి అన్నం పెట్టడం మానేశారని ఆ పిల్లకి అర్థమైంది. పెద్దయి ప్రూఫ్‌రీడరు కాక ఇంకేమవుతుంది?

మా అచ్చాఫీసు పెద్దక్షరాల సువార్తల పుస్తకం వేసింది ఈమధ్యే. కొత్త తర్జుమా. పండితులు పాత చేతిరాత ప్రతులన్నీ ముందు పెట్టుకుని చేశారని గొప్పగా చెప్పుకున్నారు. చూపు మందగించిన పెద్దవాళ్ళ కోసం అక్షరాలు చిక్కుడు గింజలంత వేశాం. నాలుగు సువార్తలూ వదినే దిద్దింది, నేనే అచ్చువేశాను.

అదే సమయంలో కొత్త పాస్టరు, మేము కొత్త అయ్యగారు అనే ఆయన, పాత అయ్యగారి సంగతి మళ్ళీ పెద్దల ముందు పెట్టారు. “ఆయనకి వయసైపోయింది. బల్ల లేకుండా పంపేస్తామా?” అని అడిగారట. పెద్దలందరూ ఒప్పుకుంటేనే కుదురుతుంది. ఇన్‌స్పెక్టరు గారు సరే వింటానన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వెనక గదిలో కూర్చుందామన్నారు. ఆ కబురు విన్నప్పటినుంచి మావయ్యగారికి కాలు నిలవలేదు. ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతికించుకున్నారు.

ఆ ఆదివారం బల్ల కూడా ఉంది. పళ్ళెం మామూలుగానే ఆయన్ని దాటిపోయింది. ఆరాధన అయ్యాక గది తలుపు బయట వరండాలో మేం ముగ్గురం పిలుపు కోసం నిలబడ్డాం. మా అన్నయ్య ఊళ్ళో లేడు కాబట్టి మగదిక్కుగా నన్ను లాక్కొచ్చింది వదిన. మీటింగులంటే నాకు ఒళ్ళుమంట. అయినా వచ్చాను. అప్పుడు మావయ్యగారు చంకలోంచి ఒక పుస్తకం తీశారు.

“కొత్త అయ్యగారు పొద్దున ఇచ్చారురా అబ్బాయ్. అబ్బ, ఏం అక్షరాలు! నా మసక చూపుకి కూడా ఆనుతున్నాయి. రెండో అన్న దగ్గర, పేతురు ఘట్టంలో ఓ కాగితం ముక్క పెట్టివ్వు. లోపల తడుముకోకుండా.”

అది మా పెద్దక్షరాల పుస్తకమే. నేను తీసుకుని వరండా చివర బెంచీ మీద కూర్చుని పేజీలు తిప్పుతున్నాను. వదిన వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“అందులో లేదు,” అంది గొంతు తగ్గించి.

“ఏది లేదు?”

“‘రెండుసార్లు’ అన్న మాట. నేను కొట్టేశాను.”

నాకు బుర్ర పనిచెయ్యలేదు. పేజీ వెతికి చూశాను. కోడి కూసేలోపల నువ్వు మూడుసార్లు కాదంటావు అని ఉంది, అంతే. పేజీ తిప్పాను. కోడి కూసింది, అంతే. రెండో కూత ఊసే లేదు.

“ప్రూఫులో ఆ మాట కనబడగానే నాన్న తలమీదుగా పోయే పళ్ళెం కనబడింది. చెయ్యి దానంతటదే పోయింది. ఒకచోట కొట్టాక మిగతా చోట్లా కొట్టాలిగా, కొట్టేశాను. ఇంటికెళ్ళాక భయమేసింది. పొద్దున రాగానే కొట్టేసిన మాట పక్కన ‘ఉండనీ’ అని రాద్దామనుకున్నా. వచ్చేసరికి నువ్వు మిషనెక్కించేశావు.”

“అంటే తప్పు నాదా?”

“నీదని ఎవరన్నారు? ఆపమని అరవాల్సింది, నోరు రాలేదు. ఎవరు చూస్తార్లే అనుకున్నా. నాన్న నోటితో చెబుతారనుకున్నా గానీ, ఈ పుస్తకం పట్టుకొస్తారని కల్లో కూడా అనుకోలేదు.”

“అయితే ఇప్పుడే చెప్పెయ్ ఆయనకి.”

“ఇప్పుడు చెబితే గుండె ఆగిపోతుంది ఆయనకి. లోపల నేనే చదువుతానంటాను. ఉన్నట్టే చదివేస్తాను.”

“లేనిదాన్ని ఉన్నట్టు చదువుతావా?”

“లేనిదేమిటి? ఉన్నదే. నేను తీసేసిందే.”

ఇంకేదో అనబోయాను. తలుపు తెరుచుకుంది. కొత్త అయ్యగారు నవ్వుమొహంతో రమ్మన్నారు. నేను కాగితం ముక్క పెట్టి పుస్తకం మావయ్యగారికి ఇచ్చాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

గదిలో పొడుగాటి టేబులు, ఒక బీరువా, కిర్రుమంటూ తిరిగే ఫ్యాను. టేబులుకి అవతల ఇన్‌స్పెక్టరు గారు, ఆయనకి అటూ ఇటూ మిగతా పెద్దలు ఇద్దరు, ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసే ఆవిడా, ఇనప సామాన్ల కొట్టాయనా. మావయ్యగారిని ఎదురుగా కూర్చోబెట్టారు. వదినా నేనూ గోడ పక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఇన్‌స్పెక్టరు గారు కూడా బాగా ముసలివారైపోయారు. గొంతు మాత్రం క్లాసు తనిఖీకి వచ్చినప్పటి గొంతే.

“పాత అయ్యగారూ, ఆ రోజు వేదిక మీద మీరొక మాటన్నారు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారా?”

“మాట నాది కాదండీ, పుస్తకంలోది,” అన్నారు మావయ్యగారు. పుస్తకాన్ని టేబులు మీదుగా ముందుకు జరిపారు. “మీరే చదవండి.”

వదిన ఒక్క ఉదుటున లేచింది. “నేను చదువుతానండీ. నాకు అలవాటు.”

“నువ్వు కాదమ్మా,” అన్నారు మావయ్యగారు వెనక్కి తిరక్కుండానే. “ఆయన నోటితో వినాలి. ఇన్నాళ్ళుగా నాకదొక్కటే కోరిక.”

వదిన మెల్లగా కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గారు కాగితం ముక్క ఉన్నచోట తెరిచి, వేలు పెట్టి, గట్టిగా చదివారు. కోడి కూసేలోపల నువ్వు నన్నెరగనని మూడుసార్లు అంటావు. చదివి ఆగారు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ చదివారు. పేజీ తిప్పి కింద కూడా చూశారు.

“‘రెండుసార్లు’ ఏదీ?” అన్నారు మావయ్యగారు.

“లేదు.”

“సరిగ్గా చూడండి.”

“చూశానండీ. ఎక్కడా లేదు.” ఆయన కొత్త అయ్యగారి వైపు తిరిగారు. “పాత పుస్తకాల్లో ఉన్నట్టే నాకూ గుర్తు. ఇందులో ఎందుకు లేదు?”

కొత్త అయ్యగారు పుస్తకం తీసుకుని చూసి తలగోక్కున్నారు. ఆయన బాగా చదువుకున్న మనిషి, చదువుకున్న మనిషి కాబట్టే ఇరుక్కున్నారు. “కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో ఆ మాట లేదన్నది నిజమే. తర్జుమా చేసినవాళ్ళు ఆ పాఠమే తీసుకున్నారేమో. నేను పోల్చి చూడలేదు.”

ఇన్‌స్పెక్టరు గారి మొహం విప్పారింది. అంత సంబరం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. “అయితే అసలు మూలంలోనే ఆ మాట లేదన్నమాట! తేడానే లేదు! పాత అయ్యగారూ, మనం ఇన్నాళ్ళూ లేని మాట మీద కొట్టుకున్నామండీ. తప్పు మీదీ కాదు, నాదీ కాదు.” ఆయన టేబులు మీదుగా ముందుకి వంగారు. “పొరబడ్డానని ఒక్క మాటనండి. పళ్ళెం ఇంకా పక్కగదిలోనే ఉంది. ఇప్పుడే, ఇక్కడే అందరం కలిసి తీసుకుందాం.”

నర్సమ్మ అప్పుడే లేచి పక్కగదిలోకి వెళ్ళింది. కొట్టాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. వదిన చీర కొంగుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఊరుకో వదినా, దేవుడి మేలు అనుకుని ఊరుకో అని మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, అంత తేలిగ్గా తెగిపోతున్న పేచీని మళ్ళీ ముడివెయ్యడానికి మనసొప్పడం ఎవరికైనా కష్టమే.

మావయ్యగారు పుస్తకం వైపు చూశారు. తర్వాత ఆయన భుజాలు కిందికి దిగాయి.

“అయితే నేనే పొరబడ్డానేమో,” అన్నారు.

నర్సమ్మ తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టింది. గుడ్డ తీసింది. ఆయన చెయ్యి చాచారు. చాచిన చేతిలో ఆత్రం ఉంది. దాచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. అది చూడలేక నేను తల తిప్పుకున్నాను.

“నాన్నా, ఆగండి,” అంది వదిన.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో నేను చూడలేదు.

“పొరబడింది మీరు కాదు. ఆ మాట కొట్టేసింది నేను.”

ఫ్యాను కిర్రుమంటూనే ఉంది. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నారు.

“ఏ ప్రతి చూసి కొట్టావమ్మా?”

“ఏ ప్రతీ చూడలేదండీ. భయపడి కొట్టాను.”

కొత్త అయ్యగారు బీరువా తెరిచి, తర్జుమా చేసినవాళ్ళు పంపిన టైపు కాగితాల కట్ట తీశారు. వెతికి పట్టుకుని ఆ వాక్యం చదివారు. ‘రెండుసార్లు’ అన్న మాట అందులో ఉంది. కింద ‘రెండోసారి’ కూడా ఉంది. “పాత రోజుల్లో చేత్తో రాసినవాళ్ళలో కొందరు ఇలాగే చేసి ఉంటారంటారు,” అన్నారు మెల్లగా. “నాలుగూ కలవకపోతే వాళ్ళకీ చెయ్యి ఊరుకోలేదేమో. కొన్ని ప్రతుల్లో ఆ మాట లేకపోవడానికి అదీ ఒక కారణం అనుకుంటారు.” వదినని వెనకేసుకురావడానికే అన్నారని నాకు తెలుసు. ఆ మాట ఎవరికీ ఎక్కలేదు.

ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. కోప్పడతారనుకున్నాను. కోపం కన్నా నీరసమే ఎక్కువ కనిపించింది. “ఆ ఫారం మొత్తం మళ్ళీ అచ్చువెయ్యండి,” అన్నారు నాతో. ఫారం అంటే ఒకే కాగితం మీద ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్ట. “ఇకమీదట లేఖనాల ప్రూఫులు ఈ అమ్మాయి చేతికి వెళ్ళకూడదు.”

“అలాగేనండీ,” అంది వదిన.

“పాత అయ్యగారూ, నా ప్రశ్న మళ్ళీ మొదటికొచ్చింది. తేడా ఉందంటారా, ఉన్నట్టు కనిపిస్తుందంటారా?”

“ఇప్పటికైనా వదిలెయ్యండి సార్,” అన్నారు కొత్త అయ్యగారు. “ఆయన పేతురు బొంకలేదన్నారా? ప్రభువు చావునుంచి లేవలేదన్నారా? కోడి దగ్గరే కదా పేచీ.”

“మీకు కోడి. నాకు కాదు.” ఇన్‌స్పెక్టరు గారు టేబులు అంచు పట్టుకున్నారు. “నా భార్యని మట్టిలో పెట్టి వచ్చిన రోజున ఇందులో ఒక్క వాక్యం పట్టుకుని ఇంటికెళ్ళాను. ఇప్పటికీ దాన్నే పట్టుకుని పడుకుంటాను. కోడి దగ్గర ఒక మాట అటూ ఇటూ అయితే, ఆ వాక్యం అటూ ఇటూ కాదని నాకు ఎవరు చెబుతారు? చెప్పండి, మీరు చెబుతారా?”

కొత్త అయ్యగారు టైపు కాగితాల కట్ట మూసేశారు. నేనైతే అప్పటిదాకా ఇన్‌స్పెక్టరు గార్ని ఉత్త మొండి ముసలాయన అనుకున్నాను. ఆ తర్వాత అలా అనుకోలేదు. అందరూ మావయ్యగారి జవాబు కోసం చూశారు. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచి, గోడ తడుముకుంటూ తలుపు వైపు నడిచారు. నర్సమ్మ పళ్ళెం మీద గుడ్డ మళ్ళీ కప్పింది. ఎటు చూడాలో తెలీక ఆ గుడ్డ మడతలే సర్దుతూ ఉండిపోయింది.

రోడ్డు మీద ఎండ మండుతోంది. వదిన చెయ్యి పట్టుకోబోతే ఆయన విదిలించుకున్నారు. పేవ్‌మెంట్ అంచు కనబడక తూలితే నేను పట్టుకున్నాను. బస్టాపు రేకు కింద సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టాను.

“ఎందుకు చెప్పావే?” అన్నారు. కూతురితో ఆయన అలా ‘చెప్పావే’ అనడం నేను అంతకుముందు వినలేదు. “నోటిదాకా వచ్చిన ముక్క. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది? పుస్తకం రేపు దిద్దుకోవచ్చు. కాగితాలు మళ్ళీ అచ్చేసుకోవచ్చు. నాకు ఇంకో ఆదివారం ఎవరిస్తారు?”

వదిన నిలబడే ఉంది. సర్దిచెబుతుందని ఎదురుచూశాను. ఆ విద్యలో ఆమెని మించినవాళ్ళు లేరు. సర్దిచెప్పలేదు.

“మీరు పొరబడ్డారని వాళ్ళంతా అనుకుంటారు కదా నాన్నా.”

“అనుకోనీ! పొరబడలేదని నాకు తెలీదా? ఆ ఘట్టం నాకు కంఠతా వచ్చు. ఆయన చదువుతుంటేనే తెలిసింది, తప్పు పుస్తకంలో ఉందని. తెలిసే అన్నాను. తెలిసే, పొరబడ్డానని అన్నాను. విన్నావా?”

“తెలిసే అన్నారని నాకూ తెలుసు,” అంది వదిన. “మీ మొహం చూశాను. అందుకే చెప్పాను. అలా అని తీసుకుంటే ఆ ముక్క మీకు గొంతు దిగదు నాన్నా.”

ఆయన ఆమె వైపు చూశారు. ఆ మసక కళ్ళకి ఎంత కనిపించిందో తెలియదు. మా బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రమ్మని అరిచాడు. మేం కదలకపోతే విసుక్కుని రైట్ చెప్పాడు. బస్సు వెళ్ళిపోయాక మావయ్యగారు ఏడవడం మొదలుపెట్టారు. మొహం దాచుకోకుండా, ముక్కు తుడుచుకోకుండా, దారినపోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా ఏడ్చారు. వదిన ఆయన కాళ్ళ దగ్గర దుమ్ములో కూర్చుండిపోయింది. నేను ఎదుటి గోడ మీది పోస్టర్లు చదివాను.

చాలాసేపటికి ఆయన కూతురి తలమీద చెయ్యి వేశారు.

“పేతురుకి కూడా మొదటి కూత వినపడే ఉంటుందమ్మా,” అన్నారు. “వినీ ఆగలేదు. మళ్ళీ బొంకాడు. రెండోసారి కూస్తేగాని వాడికి ఏడుపు రాలేదు. నువ్వు లోపల ఒకసారి కూశావు, ఇక్కడ ఒకసారి కూశావు.” కళ్ళు తుడుచుకున్నారు. “ఇన్నేళ్ళు ఆ మాట కోసం వాళ్ళతో పోట్లాడాను గానీ, అది అక్కడ ఎందుకుందో నాకే తెలీదు. నలుగురన్నదమ్ముల్లో ఒక్కడే పట్టుకున్నాడు. ఆ మాట అక్కడ ఉండాలి తల్లీ. రేపు పొద్దున్నే నీ చేత్తో మళ్ళీ పెట్టు.”

ఆ పుస్తకం ప్రూఫులు ఇక ఆమె చేతికి రావని ఆయనకి ఆ క్షణాన గుర్తులేదు. వదిన గుర్తుచెయ్యలేదు.

“అలాగే నాన్నా,” అంది.